కుట్టులో పోయిన సందు

ఆ సందులో ఎవరికీ పూర్తి చొక్కా కుట్టడం రాదు. వినడానికి వింతగా ఉంటుంది గానీ అక్షరాలా నిజం. అటు ఏడు, ఇటు ఏడు, మొత్తం పద్నాలుగు ఇళ్ళు, ఇంటికో మిషను. ఒక ఇంట్లో జేబులే కుడతారు, ఒక ఇంట్లో చేతులే, ఒక ఇంట్లో కాలర్లే. పొద్దున్నే రోడ్డు వైపు నుంచి బట్టగా వచ్చిన కట్ట ఒక గడప నుంచి ఇంకో గడపకు చేతులు మారుతూ లోపలికి నడుస్తుంది. నలభై ఏళ్ళుగా కాలర్లు కుడుతున్న కాలర్ బాబాయిని ఒక్క జేబు కుట్టి పెట్టమంటే దిక్కులు చూస్తాడు. కాజాల అత్త మాటల్లో పడి కూడా రోజుకు మూడొందల కాజాలు తీస్తుంది, సొంత దుప్పటి చిరిగితే మాత్రం పక్కింటికి పరిగెడుతుంది.

ఈ ముక్కలన్నిటినీ కలిపి, మనిషి తొడుక్కునేలా చేసే ఇల్లు ఒక్కటే. సందులో అన్నిటికన్నా లోపలి ఇల్లు. అక్కడ ఇద్దరు అక్కచెల్లెళ్ళుంటారు. ఊహ తెలిసినప్పటి నుంచి సందంతా వాళ్ళను పెద్దమ్మాయి, చిన్నమ్మాయి అనే పిలుస్తోంది. పెద్దమ్మాయికి యాభై దాటి నాలుగేళ్ళయింది, చిన్నమ్మాయికి యాభై ఇదిగో అదిగో అంటున్నాయి. అయినా పిలుపులకు వయసు రాదు కదా.

ముక్కలు కలపడం అసలు అక్క విద్య. ఆరేళ్ళ కిందట వెన్నులో జబ్బు చేసి ఆమె కాళ్ళు పడిపోయాక మిషను చెల్లెలి చేతికొచ్చింది. అక్క మంచం మీద కూర్చుని బొత్తాలు కుడుతుంది. మంచానికి ఎదురుగా కిటికీ. కిటికీలోంచి చూస్తే సందు పొడుగునా మెట్లు, మెట్ల మధ్య సన్నటి నేల, ఆ చివర జానెడు రోడ్డు. ఆ జానెడులో ఒక బస్సు ఇలా మెరిసి అలా మాయమవుతుంది. ఏ బస్సో, ఎక్కడికో, చదివేంత వ్యవధి కూడా ఉండదు.

మధ్యాహ్నాలు మిషన్ల చప్పుడు సందంతా ఒకే జోలగా మారే వేళకు అక్క కళ్ళు వాలతాయి. లేచాక చెబుతుంది. "ఇవాళ రోడ్డు దాటానే. అవతల ఒక పొడుగాటి గోడ ఉంది. గోడంతా ఎండ. చెయ్యి ఆనిస్తూ నడిచాను, అరచెయ్యి ఇంకా వెచ్చగానే ఉంది చూడు." చెల్లెలు మిషను ఆపి నిజంగానే ఆ చెయ్యి పట్టుకుని చూసేది. వెచ్చగా ఉండేది. కిటికీలోంచి ఎండ పడుతుంది కాబట్టి ఉంటుందనుకోండి, అయినా చెల్లెలు ఆ సంగతి ఎప్పుడూ అనలేదు. ఇంకొంచెం దూరం వెళ్ళావా, ఎవరైనా కనిపించారా అని అడిగేది. అక్క కలలు రోజురోజుకూ దూరం పోతుంటే చెల్లెలికి అదో ధైర్యం.

అక్క గది దాటకపోవడానికి జబ్బొక్కటే కారణం కాదు. చక్రాల కుర్చీ ఉంది. ఎవరో ఉదారంగా ఇచ్చారు. ఇరవై ఆరు అంగుళాల వెడల్పు. సందులో మెట్టుకూ మెట్టుకూ మధ్య కొన్నిచోట్ల ఇరవై రెండే. అందుకని ఆ కుర్చీ తలుపు వెనక నిలబడి, కుట్టిన చొక్కాలు మోస్తూ బతుకుతోంది.

ఒక్కసారి, మొదటి ఏడాదిలో, నలుగురు కలిసి అక్కను మామూలు కుర్చీలో కూర్చోబెట్టి ఆసుపత్రికి మోశారు. ఇరుకు దగ్గర కుర్చీని పక్కకు వంచాల్సి వచ్చింది. అక్క జారి కాజాల అత్త మెట్టు మీద పడింది. దెబ్బ గోరంతే. పైకెత్తేటప్పుడు ఎవరో "మెల్లగా, మెల్లగా, మూల తగులుతుంది" అన్నారు. బీరువాను మోసేటప్పుడు అనే మాట అది. ఆ మాట అన్నది తనేనని చెల్లెలికి తెలుసు. అక్కకూ తెలుసు. ఇంటికొచ్చాక అక్క గోడకేసి చూస్తూ, "ఇంకెప్పుడూ నన్ను మొయ్యకండే" అంది. డాక్టరమ్మే ఇంటికి రావడం మొదలుపెట్టింది.

ఐదేళ్ళు అలా కలల మీద గడిచాయి. ఒకరోజు అక్క నిద్ర లేచింది. చెల్లెలు అలవాటుగా అడిగింది.

"ఇవాళ ఎక్కడికెళ్ళావే?"

"ఎక్కడికీ లేదు."

మరుసటి రోజూ అంతే. మూడో రోజు అడగకముందే అక్క అంది. "మంచాన్ని గోడవైపు తిప్పెయ్యవే. ఆ వెలుతురు కళ్ళల్లో పడుతోంది."

చెల్లెలికి సంగతి అర్థమైంది. వెలుతురు కళ్ళల్లో పడడం కాదిది. మనిషి అటు తిరిగితే మళ్ళీ ఇటు తిరగదు. "రేపు తిప్పుతాలే, ఇవాళ పని ఒత్తిడి" అని తప్పించుకుంది. మర్నాడు మిషనుకు తాళం పెట్టి, కుర్చీ పట్టేలా సందు వెడల్పు చెయ్యమని అడగడానికి మునిసిపాలిటీ ఆఫీసుకు పోయింది.

అక్కడి ఇంజినీరు కళ్ళద్దాలు ముక్కు మీదకు జారుతుంటే తోసుకుంటూ ఒక ప్లాను విప్పాడు. "మీ సందు ఎనిమిది అడుగులు. ఇదిగో, గీత చూడండి."

"ఎనిమిది అడుగులా? ఇద్దరు ఎదురుపడితే ఒకళ్ళు మెట్టెక్కి నిలబడాలండీ మా సందులో."

"కాగితం అబద్ధం చెప్పదమ్మా."

"మరి మా కాళ్ళు చెబుతున్నాయా?"

ఆయన ప్లాను మడిచాడు. చెడ్డవాడేం కాదు. "అయితే మీరే ఓ ప్లాను గీసి తీసుకురండి. ఎక్కడ ఇరుకో, ఏది అడ్డమో చూపించండి. చూద్దాం" అన్నాడు. చూద్దాం అనే మాటతో ఆఫీసుల్లో ఎన్ని సంసారాలు గడిచిపోయాయో లెక్కలేదు. చెల్లెలు మాత్రం దాన్ని నిజమనుకుని ఇంటికి తెచ్చింది.

సాయంత్రం సందంతా మెట్ల మీద చేరింది. తప్పంతా మునిసిపాలిటీదేనని తేల్చడానికి అరగంట కూడా పట్టలేదు. ప్లాను ఎవరు గీస్తారన్న దగ్గర మాత్రం పిల్లి మెడలో గంట కథ అయింది. పెన్సిలు పట్టిన చెయ్యి ఒక్కటీ లేదు.

"గీయడం మనకెందుకు, కుడదాం" అంది కాజాల అత్త. "ఎవరింటిని వాళ్ళు జానెడు గుడ్డ మీద కుట్టండి. ఇంటి ముందు సందు కూడా వెయ్యండి. చిన్నమ్మాయి అన్నీ కలుపుతుంది. చొక్కా కాలేదూ? ఇదీ అవుతుంది."

నవ్వులాటగా మొదలైంది గానీ మూడు వారాలు సందుకు ఇంకో ధ్యాస లేకపోయింది. పగలు చొక్కాల పని, ఎండ దిగాక ఇంటి పని. జేబుల వాళ్ళు తమ తలుపును నిజం జేబుగానే కుట్టారు, వేలు పెడితే లోపలికి పోతుంది. కాజాల అత్త కిటికీలన్నీ కాజాలు చేసింది, కన్ను ఆనిస్తే అవతల కనిపిస్తుంది. కాలర్ బాబాయి తన ఇంటి ముందున్న మూడు మెట్లను ఎర్ర దారంతో ఎంత ఒత్తుగా కుట్టాడంటే, గుడ్డను ఎత్తితే ఆ వైపే వాలిపోతుంది. ఆ మెట్లు ఆయనా ఆయన భార్యా పెళ్ళయిన కొత్తలో చేత్తో కట్టుకున్నవి. ఆవిడ పోయి రెండేళ్ళు. సాయంత్రమైతే ఆయన ఇప్పటికీ రెండో మెట్టు మీదే, ఒక పక్కన చోటు వదిలి కూర్చుంటాడు.

అక్కకు ఈ హడావుడి ఏమీ పట్టనట్టే ఉండేది మొదట్లో. మంచం తిప్పావా అని రోజూ అడిగేది, చెల్లెలు రేపు అనేది. ఒక సాయంత్రం చేతుల ఇంటి కోడలు దారాల డబ్బాతో వచ్చి మంచం మీద కూర్చుంది.

"పెద్దమ్మాయ్, మా గోడకు ఏ రంగు దారం వాడను?"

"మీ గోడకా? పండిన నిమ్మకాయ రంగు."

"అయ్యో, నీలం వేశాంగా! నాలుగేళ్ళయింది."

ఆ ఇల్లు కిటికీలోంచి కనిపించని వరసలో ఉంది. అక్క చేతిలో బొత్తాన్ని అటూ ఇటూ తిప్పింది. కోడలు నాలుక కరుచుకుని, కాసేపు కూర్చుని, డబ్బాలోంచి పసుపు దారం తీసుకుని వెళ్ళిపోయింది. తర్వాత మిగతావాళ్ళూ వచ్చారు. నీకు మా ఇల్లు ఎలా గుర్తుంది, మా తలుపు ఏ రంగు, మా గోడ మీద తీగ ఏ వైపు పాకింది అని అడిగారు. అక్క చెప్పింది చెప్పినట్టు కుట్టారు. మొదట మొహమాటానికి చెప్పింది, తర్వాత ఇష్టంగా చెప్పింది, చివరికి "ఆకుపచ్చ కాదమ్మా, ఆకుపచ్చలో కాస్త బూడిద కలవాలి" అని చీవాట్లు పెట్టడం మొదలెట్టింది. అలా ఆ గుడ్డ మీద ఆరేళ్ళ కిందటి సందు ఇల్లు ఇల్లుగా మేలుకుంది. అందులో కూల్చేసిన గోడలు నిలబడే ఉన్నాయి. ఎండిపోయిన తీగ పూసింది. బాబాయి భార్య రెండో మెట్టు మీద కూర్చునే ఉంది, తెల్ల దారంతో, వేలిగోరంత.

ముక్కలన్నీ వచ్చిన రోజున చెల్లెలు కూర్చుని కలిపింది. అటు ఏడు ఒక పట్టీ, ఇటు ఏడు ఒక పట్టీ, ఆ రెండు పట్టీలకు నడుమ పొడుగ్గా ఒక కుట్టు. అంత పెద్ద గుడ్డ పరచడానికి అక్క మంచం తప్ప ఇంకో చోటు లేదు. ఆమె ఒడి మీద, కదలని మోకాళ్ళ మీద, పాదాల మీద ఆ సందును పరిచారు. గది నిండా జనం. మోకాళ్ళ దగ్గర ఇళ్ళు కొంచెం ఎత్తుగా, కొండ మీద ఊరులా నిలబడ్డాయి.

అక్క రెండు వేళ్ళను కాళ్ళు చేసుకుని తన ఇంటి గడప మీద నిలబెట్టింది. వేళ్ళు మెల్లగా మెట్టు దిగాయి. ఒక అడుగు వేశాయి. అక్కడే ఆగిపోయాయి.

"సందేదే?" అంది.

అందరూ ముందుకు వంగారు. నిజమే. ఎదురెదురు ఇళ్ళు మెట్టుకు మెట్టు, గడపకు గడప అతుక్కుపోయి ఉన్నాయి. పద్నాలుగు ఇళ్ళున్నాయి, కిటికీలున్నాయి, తీగలున్నాయి, సందు లేదు.

జరిగింది ఇది. ఎవరికి వాళ్ళు తమ ఇంటిని ముచ్చటగా, పెద్దగా కుట్టుకున్నారు. మెట్లనైతే మరీ పెద్దగా. సందుకు మిగిలింది గుడ్డ అంచున అర అంగుళం. దర్జీ అన్నవాడు ఏ ముక్కకైనా అంచున అర అంగుళం కుట్టులోకి పోతుందని తెలిసినవాడే. చేతి అలవాటుకు తెలుసు గానీ ఆ పూట బుర్రకు గుర్తు రాలేదు. సందును తీసుకెళ్ళి సరిగ్గా ఆ అర అంగుళంలో పెట్టారు. ఎదుటివాళ్ళ ముక్కలో ఎలాగూ వస్తుందిలే అని ఒకరిమీద ఒకరు వదిలేశారు. చెల్లెలు కలపగానే అటుదీ ఇటుదీ కుట్టు మింగేసింది.

అక్క గుడ్డను తిరగేసింది. వెనకవైపు, నడిమి కుట్టు పొడుగునా, అర అంగుళం చొప్పున సందు రెండు పాయలుగా నిక్కబొడుచుకుని ఉంది. దాన్ని బొటనవేలితో నిమిరి, ఉన్నట్టుండి నవ్వింది. చిన్న నవ్వు కాదు. కళ్ళ నీళ్ళొచ్చేదాకా, మంచం ఊగేదాకా నవ్వింది. ఆరేళ్ళలో చెల్లెలు ఆ నవ్వు వినలేదు. అక్క పళ్ళ మధ్య సందు ఉంటుందన్న సంగతే మర్చిపోయింది.

"ఆ ఇంజినీరు పాపం నిజమే చెప్పాడే. ఎనిమిది అడుగులూ ఉన్నాయి. మనమే మింగి కూర్చున్నాం."

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు అందరూ ఒక్కసారి కిటికీలోంచి తమ మెట్ల వైపు చూశారు. ఒకరిది మెట్టు, ఒకరిది నీళ్ళ డ్రమ్ము, ఒకరిది బట్టలుతికే దిమ్మ. తిలా పాపం తలా పిడికెడు. ఇందులో చెల్లెలి పిడికెడు తక్కువేం కాదు. అక్కకు నీళ్ళు దగ్గరగా ఉండాలని ఇంటి ముందు అడుగున్నర దిమ్మ కట్టించింది ఆమే. అక్క దారికి మొదటి అడ్డం అక్క కోసం కట్టిందే.

ఆమె మర్నాడు పొద్దున్నే సుత్తి తెచ్చి తన దిమ్మను తనే కొట్టడం మొదలుపెట్టింది. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. మూడో దెబ్బకు జేబుల ఇంటాయన గడ్డపారతో బయటికొచ్చాడు. మధ్యాహ్నానికి సందులో మిషన్ల చప్పుడు ఆగిపోయి సుత్తుల చప్పుడు మొదలైంది. సిమెంటు దుమ్ము ఎండలో బంగారంలా లేచి, తెరిచిన కిటికీలోంచి అక్క మంచం దాకా వచ్చింది. అక్క తుడవనివ్వలేదు.

ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. కాలర్ బాబాయి తలుపేసుకున్నాడు. "నా మెట్ల జోలికొస్తే ఊరుకోను. అవి పోతే నేనెలా ఎక్కను, నా మోకాళ్ళు నీ అబ్బ ఇస్తాడా?" అని లోపల్నుంచే కేకేశాడు. ఆయన మాటలోనూ న్యాయం ఉంది. వాన నీళ్ళు రాకుండా ఇళ్ళన్నీ ఎత్తు మీద కట్టారు. మెట్లు కొట్టేసిన ఇళ్ళల్లో ముసలీ ముతకా అప్పుడే స్టూళ్ళేసుకుని దిగుతున్నారు. ఆయన్ను ఎవరూ బలవంతం చెయ్యలేదు. అక్క చెల్లెలితో అంది. "ఆయన్నేం అనకండి. పిన్ని కూర్చున్న చోటది."

రెండు రోజులు బాబాయి ఇంట్లోంచి కాలర్లు బయటికి రాలేదు. చొక్కాలన్నీ మెడలు లేకుండా ఆగిపోయాయి. మూడో రోజు లోపల్నుంచి రంపం చప్పుడు. నాలుగో రోజు పొద్దున ఆయన తలుపు తీసి, గోడకు ఆనించి ఉన్న ఒక పలకను కిందికి దించాడు. అది ఆయన ఇస్త్రీ పలక. ఆ సందులో ప్రతి ఇంట్లోనూ గోడకు కీళ్ళతో ఒక ఇస్త్రీ పలక ఉంటుంది. పని ఉంటే దించుతారు, లేకపోతే గోడకు మడిచేస్తారు. ఆయన దాన్ని గోడ నుంచి పీకి, కింద ఇంకో రెండు పలకలు చేర్చి, గడపకు బిగించాడు. దించితే మూడు మెట్లు. మడిస్తే తలుపు పక్కన నిలబడ్డ చెక్క.

"చొక్కాకు మడతలుండగా లేనిది, మెట్టుకు మడతుండకూడదా?" అన్నాడు చెల్లెలితో, కోపంగానే. కళ్ళు మాత్రం ఎర్రగా ఉన్నాయి. "ఇంకో పలక నీకు కోస్తాను. మీ గడపకు మెట్లు కాదు, జారుడు కావాలి. అంతెత్తుకి పొడుగెంత పడుతుందో కొలిచి చెప్పు."

తర్వాత తన మెట్లు తనే కొట్టుకున్నాడు. రెండో మెట్టు మీది బండను మాత్రం పగలనివ్వకుండా ఊడదీసి, ఇంట్లో మిషను ముందు వేసుకున్నాడు, కూర్చోవడానికి. ఒక్కడికే అది పెద్దదే. అయినా ఒక పక్కకే కూర్చుంటాడు.

నడిమి కుట్టు విప్పి, బూడిద రంగు పట్టీ ఒకటి వేసి, ఆ గుడ్డను ఇంజినీరు బల్ల మీద పరిచారు. ఆయన కాజా కిటికీల్లో ఒక్కొక్కదానిలోకి కన్ను ఆనించి చూశాడు. ఈసారి చూద్దాం అనలేదు. టేపు పట్టుకుని తనే వచ్చాడు. సందు ఏడడుగుల తొమ్మిది అంగుళాలు తేలింది. మిగతా మూడు అంగుళాలు ఎవరి గోడలో ఉన్నాయో వెతకొద్దని ఆయనే అన్నాడు. నెల తిరిగేలోగా నేల చదును చేయించాడు.

ఆ రోజు వచ్చింది. చొక్కాలు దింపి కుర్చీని తుడిచారు. అక్క తల దువ్వించుకుంది, రెండుసార్లు. సందంతా గడపల్లో నిలబడి ఉంది, బాబాయిని చూసి అందరూ బిగించుకున్న పలక మెట్లన్నీ మడిచి. ఇంత జనాన్ని చూసి అక్క జంకుతుందేమోనని చెల్లెలికి భయం. తనూ కొత్త చెప్పులు వేసుకుని, కుర్చీ వెనక పిడులు పట్టుకుని నిలబడింది. ఇద్దరూ కలిసి రోడ్డు చూడడం ఆమె ఎన్ని వేలసార్లు అనుకుందో.

జారుడు పలక దిగగానే అక్క చక్రాల మీద చేతులు వేసి ఆపింది.

"నువ్వు రావొద్దే."

"అదేంటే, ఒక్కదానివీ ఎలా..."

"ఒక్కదాన్నే వెళ్తాను. ఏమనుకోకు."

చెల్లెలు చేతులు తీసింది. అక్క మెల్లగా, వంకర టింకరగా, ఒకసారి చేతుల వాళ్ళ నీలం గోడ దగ్గర ఆగి దాన్ని పైనుంచి కిందిదాకా చూసి, మళ్ళీ కదిలి, ఆ చివర జానెడు వెలుతురులోకి వెళ్ళింది. ఒక్క క్షణం నల్లగా కనిపించింది. తర్వాత కనిపించలేదు.

చెల్లెలు ఇంట్లోకొచ్చి మిషను ముందు కూర్చుంది. దారం ఎక్కించింది, తీసింది. గదిలో ఊపిరి ఒక్కటే వినిపిస్తోంది, తనది. ఖాళీ మంచం మీద దుప్పటి సర్ది, మళ్ళీ సర్దింది. గంట గడిచింది. రెండు గడిచాయి. రోడ్డు దాకా పోయి చూసి వస్తానంటే కాజాల అత్త చెయ్యి పట్టుకుని ఆపింది. "కూర్చోవే. తప్పిపోవడానికి చిన్నపిల్లా?" మధ్యాహ్నం దాటేసరికి భయం కోపమైంది. రానీ, చెబుతాను, మనిషి ఇక్కడ చస్తుంటే అని తనలో తను గొణుక్కుంటూ రెండు చొక్కాలకు చేతులు తిరగేసి కలిపేసింది.

ఎండ వాలాక చక్రాల చప్పుడు. అక్క పలక మీదుగా రొప్పుతూ ఎక్కింది. ముఖం ఎర్రగా కందిపోయి ఉంది. జుట్టు రేగిపోయింది. చక్రాలకు తడి మట్టి.

చెల్లెలు సిద్ధం చేసుకున్న మాటలన్నీ ఎటో పోయాయి. "ఇంతసేపూ ఎక్కడికెళ్ళావే?" అంది.

ఆరేళ్ళుగా అక్క తిన్న ప్రతి ముద్దా, వేసుకున్న ప్రతి మందూ, కన్న ప్రతి కలా చెల్లెలికి తెలుసు. ఆ ఒంట్లో ఆమెకు తెలియని చోటు లేదు. అక్క ఆమె ముఖంలోకి చూసింది. పెదవులు బిగబట్టింది. చిన్నప్పుడు ఏదో దాచినప్పుడు అలాగే బిగబట్టేది.

"చెప్పను పో" అంది.

చెల్లెలు తలుపు పట్టుకుని ఏడ్చింది. సంతోషంతోనే ఏడ్చింది.